బీ బామ్‌కి ఎరువు తగ్గించండి, పారకి పదును పెట్టండి

మూడో ఏడాది ఆగస్టులో మా బీ బామ్ అనే పూలమొక్క దుబ్బు మీద ఎవరో పిండి చల్లినట్టయింది. కింది ఆకులు ఎండి రాలిపోయాయి, మధ్యవి తెల్లబడ్డాయి, పైన మాత్రం తమకేమీ పట్టనట్టు అరడజను ఎర్రపూలు నిలబడి ఉన్నాయి. మొక్కకి బలం చాలడం లేదనుకుని రెండు గుప్పెళ్ళ ఎరువు వేశాను. వారం తిరిగేసరికి కొత్త చిగుళ్ళొచ్చాయి, లేతగా, నిగనిగలాడుతూ. ఇంకో వారానికి అవీ తెల్లబడ్డాయి.

అప్పుడు చేసిన తప్పులన్నీ ఇప్పుడు వరసగా చెప్పగలను. గాలాడని గోడ మూలన పెట్టాను. అక్కడ ఎండ ఒక పూటే. కొన్నప్పుడు మొక్కలు చిన్నవి కదా అని అయిదింటినీ జానెడేసి దూరంలో నాటాను. ఏటా వసంతంలో కంపోస్టు, మధ్యమధ్యలో నత్రజని దండిగా ఉండే ద్రవ ఎరువు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా దుబ్బు తవ్వి విడదీయలేదు. మొక్క అట్ట మీద 'సారవంతమైన నేల, ఎండ లేదా నీరెండ' అని ఉంటే అక్షరాలా పాటించాను. ముద్దు చేయడంలో మాత్రం ఏ లోటూ రానివ్వలేదు.

ఆ తరవాత కొన్నేళ్ళు దీన్ని పెంచి, చంపి, మళ్ళీ పెంచాక నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. బీ బామ్‌కి మనం పెట్టాల్సింది తక్కువ, తీసేయాల్సింది ఎక్కువ. కాడలు తీయాలి, పిలకలు తీయాలి, మధ్యలో మొద్దుబారిన వేళ్ళు తీయాలి, మందుసీసాని తోటలోంచే తీసేయాలి. దీన్ని పెంచేవాళ్ళలో సగం మంది నాతో ఒప్పుకోరని తెలుసు. తెగులు తట్టుకునే రకం కొనుక్కుంటే ఈ గొడవే ఉండదు కదా అంటారు. ఆ మాటకీ వస్తాను.

ముందు మొక్క సంగతి. బామ్ అనగానే మనకి తలనొప్పికి రాసుకునే డబ్బా గుర్తొస్తుంది. ఇక్కడా ఆ అర్థం పూర్తిగా తప్పేమీ కాదు. తేనెటీగ కుట్టినచోట దీని ఆకు నలిపి రాసేవారని, అందుకే ఆ పేరని చెప్తారు. ఇది ఉత్తర అమెరికా మొక్క, పుదీనా కుటుంబం. కాడ పట్టుకుంటే నాలుగు పలకలుగా తగులుతుంది, ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. ఆకు నలిపి చూస్తే చాలామందికి పుదీనా కన్నా ముందు వాము గుర్తొస్తుంది. అది భ్రమ కాదు. వాముకి ఆ ఘాటునిచ్చే థైమాల్ అనే పదార్థమే బీ బామ్ జాతులు చాలావాటిలోనూ ఉంది. ఆ ఘాటు వల్లే జింకలు, కుందేళ్ళు దీని జోలికి పెద్దగా రావు. దీనికే బెర్గమాట్ అని ఇంకో పేరుండటంతో ఎర్ల్ గ్రే టీలో వేసేది దీన్నే అనుకునేవాళ్ళు కోకొల్లలు. ఆ టీకి వాసన బెర్గమాట్ అనే నారింజ జాతి పండు తొక్కలోని నూనె నుంచి వస్తుంది. మన మొక్క వాసన దాన్ని పోలి ఉందని పేరు అరువిచ్చారంతే.

దీని శాస్త్రీయ నామం మొనార్డా. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో 16వ శతాబ్దంలో వైద్యం చేసిన నికొలాస్ మొనార్దెస్ పేరు మీద, మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ పెట్టాడు. కొత్త ఖండం నుంచి ఓడల మీద వచ్చిన మందుమొక్కల గురించి మొనార్దెస్ పెద్ద గ్రంథమే రాశాడు కానీ, తను మాత్రం ఒక్కసారీ సముద్రం దాటలేదు. నాకు ఆయన మీద కొంచెం జాలి, కొంచెం అసూయ. తవ్వకుండా, తడపకుండా ఒక మొక్కకి పేరైపోయాడు. కష్టం పడింది మాత్రం జాన్ బార్ట్రమ్. ఫిలడెల్ఫియా దగ్గర వ్యవసాయం చేసుకునే ఈయన 1743లో అంటారియో సరస్సు ఒడ్డున ఉన్న ఆస్వీగో దాకా ప్రయాణం చేశాడు. అక్కడి ఎర్రపూల మొక్క విత్తనాలు లండన్‌లో ఉండే తన స్నేహితుడు పీటర్ కాలిన్‌సన్‌కి పంపాడు. ఇంగ్లండు తోటల్లోకి బీ బామ్ అలా వెళ్ళింది. ఆ ఎర్రపూల జాతికి ఆస్వీగో టీ అనే పేరు అప్పటినుంచీ ఉంది. 1773లో ఇంగ్లండు పన్ను మీద కోపంతో అమెరికాలోని బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలు నీళ్ళపాలు చేసిన తరవాత, ఇంగ్లండు టీ మానేసిన అక్కడి వలసవాసులు కాచుకు తాగిన ఆకుల్లో ఇదీ ఒకటి. నేనూ కాచి తాగాను. ఒకసారి తాగి చూడొచ్చు.

చరిత్ర ఎందుకు చెప్పానంటే, బీ బామ్ పెంపకంలో వచ్చే తికమకలో సగం 'బీ బామ్' ఒకే మొక్క అనుకోవడం వల్ల వచ్చేదే. ఆస్వీగో టీ, అంటే మొనార్డా డిడిమా, వాగుల ఒడ్డున, తడి ఆరని అడవి అంచుల్లో పుట్టింది. ఎర్రపూలు దీనివి. దీని వేళ్ళు ఎండితే ఊరుకోదు. లేత ఊదారంగు పూల మొనార్డా ఫిస్టులోసా గడ్డిమైదానాల మొక్క. గాలి, ఎండ, పేలవమైన నేల దానికి పుట్టిల్లు. సారం ఎక్కువైతే ఏపుగా పెరిగి వాలిపోతుంది. ఇక మచ్చల పూల మొనార్డా పంక్టాటా ఇసుక నేలల్లో బతుకుతుంది, దానికి నీళ్ళు నిలిస్తేనే ప్రమాదం. మొనార్డా సిట్రియోడోరా ఒక్క ఏడాది బతికే రకం. చలికాలం సరిగా లేని వేడి ప్రాంతాల్లో డిడిమా కోసం తంటాలు పడేకన్నా, చల్లటి నెలల్లో ఈ సిట్రియోడోరా విత్తనాలు చల్లుకోవడం నయం. నర్సరీలో ఇవన్నీ ఒకే వరసలో ఒకే పేరుతో ఉంటాయి, పైగా డిడిమా, ఫిస్టులోసాలని కలిపి పుట్టించిన సంకరాలు బోలెడు. అట్ట మీద జాతి పేరు లేకపోతే కొనొద్దంటాను. అది తెలియకుండా నీళ్ళెంత పోయాలో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు అసలు గొడవకొద్దాం. ఆకుల మీద తెల్లపొడిని బూడిద తెగులు అంటాం. 'ఆకులు తడపకండి, తడిస్తే బూడిద తెగులు వస్తుంది' అని ప్రతివాళ్ళూ చెప్తారు. ఇది సగమే నిజం. చాలా శిలీంధ్రాలకి మొలకెత్తడానికి ఆకు మీద నీటిచుక్క కావాలి. దీనికి అక్కర్లేదు, నీళ్ళలో మునిగితే దీని బీజాలు సరిగా మొలకెత్తను కూడా మొలకెత్తవు. దానికి కావాల్సింది పొడి ఆకు, దాని చుట్టూ తేమ పట్టిన కదలని గాలి, కొంచెం నీడ. కాడలు కిక్కిరిసిన దుబ్బు లోపల సరిగ్గా ఈ వాతావరణమే ఉంటుంది. దానికి తోడు వేళ్ళ దగ్గర నేల ఎండిపోయి మొక్క డస్సిపోయి ఉంటే ఇంకా సులువు. నేను మూడేళ్ళపాటు ఆకు తడవకుండా కాపాడుకుంటూ వచ్చాను. కుదుళ్ళు ఎండాయని చూసుకోలేదు. పొద్దున్నే కుదుట్లోకి నిదానంగా, లోతుగా దిగేలా నీళ్ళు పోయడం మంచిదే. మంచిదవ్వడానికి కారణం ఆకు పొడిగా ఉండటం కన్నా వేరు తడిగా ఉండటం.

ఈ శిలీంధ్రానికి బతికున్న ఆకే తిండి. ఆకు పైపొరలోకి సన్నటి గొట్టాల్లాంటివి దించి రసం పీలుస్తుంది తప్ప లోపలికి చొచ్చుకుపోదు. ఆకు చస్తే దానికీ బతుకు లేదు. అందుకే వేసవి చివర్లో అంత భయంకరంగా కనిపించిన దుబ్బు మళ్ళీ వసంతంలో ఏమీ ఎరగనట్టు మొలకెత్తుతుంది. బూడిద తెగులు వల్ల బీ బామ్ చచ్చిపోవడం నేను చూడలేదు. తెగులు చూసి జనం పీకేయడం వల్ల చచ్చిపోవడం చాలా చూశాను. ఇది గులాబీలకి అంటుకుంటుందని భయపడి పీకినవాళ్ళున్నారు. గులాబీల మీదొచ్చేది వేరే శిలీంధ్రం, దొండ, గుమ్మడి పాదుల మీదొచ్చేవి వేరు. చూడ్డానికి అన్నీ ఒకటే పొడి. పుదీనా కుటుంబంలో దగ్గరి చుట్టాలుంటే మాత్రం కాస్త ఎడంగా పెట్టుకోవచ్చు.

నత్రజని సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎరువు దండిగా పడితే మొక్క గబగబా లేత ఆకులేస్తుంది. లేత ఆకు పైపొర పలచన, అందులో రసం ఎక్కువ. శిలీంధ్రానికి పళ్ళెంలో వడ్డించినట్టే. ఆ ఆగస్టులో నా రెండు గుప్పెళ్ళ ఎరువు అంతా వెళ్ళింది అక్కడికే. ఇప్పుడు నేను వసంతంలో రెండు వేళ్ళ మందాన పాత కంపోస్టు కుదురుకి తగలకుండా చుట్టూ పరుస్తాను, తేమ నిలవడం కోసం. ఆ తరవాత ఏడాదంతా మరేమీ వేయను.

ఇక తవ్వడం. ఈ పనికి నేనెంత విలువిస్తానంటే, ఎవరైనా బీ బామ్ పెట్టుకుంటానంటే ముందు మంచి పార ఉందా అని అడుగుతాను. ఇది నేల లోపల పైపైన పాకే వేరుకాడలతో విస్తరిస్తుంది. ఏటేటా దుబ్బు అంచులు ముందుకి జరుగుతుంటే మధ్యభాగం ముదిరి, కట్టెబారి, చివరికి ఖాళీ అవుతుంది. బట్టతల అంటే నవ్వుతారు గానీ పైనుంచి చూస్తే సరిగ్గా అలాగే ఉంటుంది. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి, వసంతంలో మొలకలు రెండు మూడు అంగుళాలున్నప్పుడు దుబ్బు చుట్టూ పారతో కోసి మొత్తం పెకలించాలి. వేళ్ళు లోతుగా ఉండవు కాబట్టి చాపలా లేచి వస్తుంది. నడిమి కట్టె పారేయాలి. అంచుల నుంచి మూడు నాలుగు మొలకలు, వాటి కింద తెల్లటి కొత్త వేళ్ళు ఉన్న ముక్కలు తీసుకుని అడుగున్నర నుంచి రెండడుగుల దూరంలో నాటాలి. నాటినప్పుడు ఆ దూరం చూస్తే పిసినారితనం చేశామేమో అనిపిస్తుంది. ఆగస్టుకి ఆ ఖాళీ ఉండదు.

మొదటిసారి విడదీసినప్పుడు ఒక దుబ్బు నుంచి పదకొండు ముక్కలొచ్చాయి. పారేయడానికి చేతులు రాలేదు. పదకొండూ నాటాను, వేర్వేరు చోట్ల కాదు, అదే మడిలో. అంటే విడదీసిన ప్రయోజనం అదే రోజు పోగొట్టుకున్నాను. మా వీధిలో చాలాకాలంగా తోట చేస్తున్న పెద్దావిడ ఒకరు వచ్చి చూసి, "ఎందుకమ్మా ఇన్ని? మూడు ఉంచుకుని మిగతావి ఇచ్చేయరాదూ," అన్నారు. "ఎవరికివ్వను పిన్నిగారూ, అడిగినవాళ్ళు లేరుగా," అన్నాను. "అడగరు. గుమ్మం ముందు పెట్టేసి రావాలి," అన్నారావిడ నవ్వకుండా. ఆ ఏడు ఆవిడ మాట వినలేదు. తరవాతి ఏడు నాలుగు గుమ్మాల ముందు పెట్టొచ్చాను.

విడదీయని ఏళ్ళలో చేయాల్సిన చిన్నపని ఒకటుంది. మొక్క ఆరు అంగుళాలు, అడుగు ఎత్తుకి వచ్చాక ప్రతి దుబ్బులోంచీ సన్నగా ఉన్న కాడలని, సుమారు మూడో వంతు, నేలకంటా కత్తిరించేయాలి. మొదటిసారి చేస్తున్నప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది, ఎదిగే కాడలు కదా. మిగిలిన కాడలు లావవుతాయి, పూలు పెద్దవవుతాయి, దుబ్బు అవతల ఉన్నది ఇవతలికి కనిపిస్తుంది. అలా కనిపిస్తే గాలి ఆడుతున్నట్టే, నా కొలత అదే. పూలు ముందూ వెనకా రావాలనుకుంటే వసంతం చివర్లో ముందు వరస కాడల్ని మూడో వంతు తుంచండి. అవి పొట్టిగా ఉండి, రెండు వారాలు ఆలస్యంగా పూస్తాయి.

తెగులు తట్టుకునే రకాల గురించి వస్తానన్నాను. ఆ వాదనలో బలముంది. అమెరికాలో డెలావేర్ రాష్ట్రంలోని మౌంట్ క్యూబా సెంటర్ అనే తోట వాళ్ళు 2014 నుంచి 2016 దాకా మొనార్డాలని పక్కపక్కన పెంచి పోల్చి చూశారు. రకానికీ రకానికీ తేడా ఉందని అక్కడ స్పష్టంగా తేలింది. ఫిస్టులోసాలో క్లేర్ గ్రేస్ అనే రకం ఆకు శుభ్రంగా నిలిచింది. డిడిమాలో జేకబ్ క్లైన్ అనే ఎర్రపూల రకానికి హమ్మింగ్‌బర్డ్‌లు, అంటే పూల మకరందం తాగే చిన్న పిట్టలు, ఎగబడ్డాయి. కొత్తగా కొనేవాళ్ళు ఇలాంటివే కొనాలి, నేనూ అదే చెప్తాను. కానీ 'తట్టుకునేది' అంటే 'రానిది' అని కాదు. నేను జేకబ్ క్లైన్‌ని కూడా గోడ మూలన పెట్టి తెల్లబరిచాను. మంచి రకం మీకు రెండు మూడు వారాల గడువిస్తుంది. ఆ గడువులో మీరు కాడలు తీయకపోతే రకం పేరు మారుతుందంతే, ఆగస్టు అదే ఆగస్టు.

మందుల విషయంలో నేను ఇంకాస్త మొండి. గంధకం, పొటాషియం బైకార్బొనేట్, వేపనూనె, పాలు నీళ్ళలో కలిపి కొట్టడం, ఇవన్నీ ఎంతోకొంత పనిచేసేవే. అయితే ఏవైనా ముందుగా, మచ్చ కనిపించీ కనిపించగానే కొడితే పనిచేస్తాయి. ముదిరాక ఎంత కొట్టినా చచ్చిన ఆకు పచ్చబడదు. గంధకం కొట్టిన కొద్దిరోజుల్లోనే నూనె కొడితే ఆకులు మాడిపోతాయి. ఇంకో చిక్కుంది. తెగులు ముదిరేది పూలు విచ్చుకునే రోజుల్లోనే. తేనెటీగలు, తుమ్మెదలు రావాలని పెట్టిన మొక్క మీద, అవి వాలి ఉన్నప్పుడే మందు కొట్టడం దేనికి? కింది ఆకులు కనపడకుండా ముందు వరసలో అడుగెత్తు మొక్కలేవైనా పెట్టుకుంటే సరిపోతుంది. చూసేవాళ్ళకి పూలు కనిపిస్తాయి. వాలేవాళ్ళు ఆకుల్ని చూడరు.

వాలేవాళ్ళ సంగతీ చెప్పాలి, పేరు మోసం చేస్తుంది కాబట్టి. పేరులో తేనెటీగ ఉంది గానీ ఎర్రపూల డిడిమా మామూలు తేనెటీగ కోసం తయారైన పువ్వు కాదు. దాని పూగొట్టం పొడుగు, తేనెటీగ నాలుక పొట్టి. పైగా తేనెటీగలకి ఎరుపు మనకి కనిపించినట్టు రంగుగా కనిపించదు. ఆ పువ్వు హమ్మింగ్‌బర్డ్‌ది, పొడుగు నాలుకల సీతాకోకచిలుకలది, బొద్దుగా ఉండే బంబుల్‌బీ అనే తేనెటీగలది. పెద్ద వడ్రంగి తుమ్మెదలు అడ్డదారిన గొట్టం మొదట్లో చిల్లు పెట్టి మకరందం తాగి పోతాయి. అప్పుడు తేనెటీగలు ఆ చిల్లుల దగ్గర చేరతాయి. ఎవరో పగలగొట్టిన గోడలోంచి దూరినట్టు. నిజంగా తేనెటీగల కోసమే పెట్టుకునేవాళ్ళకి ఊదారంగు ఫిస్టులోసా మేలు. మొనార్డా పుప్పొడి మీదే ఆధారపడే డుఫోరియా మొనార్డే అనే చిన్న నల్లటి తేనెటీగ జాతి కూడా ఒకటుంది, దాని పేరులోనే మొక్క ఉంది. ఎరుపు నాకూ ఇష్టమే. కానీ 'తేనెటీగలు రావడం లేదు, మొక్కలో ఏదో లోపం' అని బాధపడేవాళ్ళకి లోపం మొక్కలో లేదని చెప్పాలి.

ఇక్కడ నా వాదనకే ఎదురు తిరిగే విషయం ఒకటుంది. తీసేయాలి, తీసేయాలి అంటున్నాను కదా. శరత్కాలంలో కాడలు నేలకంటా కోసి శుభ్రం చేయాలా, వద్దా? తెగులు తరవాతి ఏటికి పాత ఆకుల మీద నల్లటి చిన్న చుక్కల రూపంలో దాక్కుంటుంది, కాబట్టి కోసి పారేయమంటారు ఒకరు. బీ బామ్ ఎండుకాడ లోపల బోలుగా ఉంటుంది, ఫిస్టులోసా అన్న మాటకి అర్థమే గొట్టంలాంటిదని. ఒంటరిగా బతికే చిన్న తేనెటీగలు అలాంటి కాడల్లో గుడ్లు పెడతాయి, కాబట్టి కోయొద్దంటారు ఇంకొకరు. చాలా రోజులు ఊగిసలాడాను. ఇప్పుడు చేసేది ఇది: పూలయిపోయాక తెగులు పట్టిన ఆకుల్ని కాడ వెంబడి చేత్తో దూసేసి, రాలినవాటితో కలిపి తోట బయటికి పంపేస్తాను. కాడలు చలికాలమంతా అలాగే నిలబెడతాను. వసంతం మొదట్లో అడుగున్నర ఎత్తున కోసి ఆ మోళ్ళని వదిలేస్తాను. కొత్త ఆకులు వాటిని కప్పేస్తాయి, చూడ్డానికి అసహ్యంగా ఉండేది ఓ నెల రోజులే. ఆకు దూసే పని విసుగు. వేళ్ళకి వాము వాసన రెండు రోజులుంటుంది.

విత్తనాల నుంచి పెంచేవాళ్ళకి ఒక్క మాట: గింజ చాలా సన్నం, వెలుతురు తగలాలి, మట్టి మీద చల్లి వేలితో అదిమితే చాలు. పేరున్న రకాల నుంచి తీసిన విత్తనం తల్లిలా పూయదు, అది కావాలంటే పిలకే దిక్కు. కుండీల్లో పెంచడం నాకు కలిసిరాలేదు. మట్టి త్వరగా ఆరిపోతుంది, ఏటా విడదీయాలి. పొట్టి రకాలతో కుదురుతుందని చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళకి నాకన్నా ఓపిక ఎక్కువ అయుండాలి.

ఆ మొదటి అయిదింటిలో నాలుగు ఎండలోకి మారాయి. ఒక ముక్క మాత్రం గోడ మూలనే ఉండిపోయింది. మొదట మరిచిపోయి వదిలాను, ఇప్పుడు కావాలనే ఉంచుతున్నాను. ఏటా తోటలో అందరికన్నా ముందు తెల్లబడేది అదే, మిగతావాటికి పది రోజుల ముందు. ఈసారి జూలై రెండో వారంలో దాని కింది ఆకు మీద మొదటి చుక్క కనిపించింది. మడిలో వేలు గుచ్చి చూశాను. రెండు కణుపుల లోతు దాకా పొడే. బకెట్ నింపుకుని మిగతావాటి కుదుళ్ళ దగ్గరికి నడిచాను.